మీ అబ్బాయి ఉన్న మస్కట్... మీరూ ఒకసారి చూసి రండి!

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గల్ఫ్ మాట వినని ఇల్లు ఉందంటారా? ఒకరికి కొడుకు, ఒకరికి తమ్ముడు, ఒకరికి భర్త. వాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వస్తారు. మనం సకినాలు చేస్తాం, మామిడికాయ తొక్కు డబ్బాలో పెడతాం, కళ్లు తుడుచుకుని పంపుతాం. అంతే. ఎప్పుడైనా మనమే అక్కడికి వెళ్లి చూసొద్దామని అనుకున్నామా? నేనూ అనుకోలేదు. కానీ 2024 నవంబర్‌లో నేను, మావారు ఎనిమిది రోజులు ఒమన్ దేశం వెళ్లి వచ్చాం. ఎలా వెళ్లాం, ఎంతయింది, ఎక్కడ తప్పు చేయబోయాం... అన్నీ మీతో చెప్పాలని కూర్చున్నాను. ఈ దసరా తరువాత మీరూ బయల్దేరతారేమో!

మా పెద్దోడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి 2021లో మస్కట్ వెళ్లాడు. రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. "తిన్నవా?" "తిన్న." "మంచిగున్నవా?" "మంచిగనే ఉన్న." ఫోన్లో వాడి ముఖం, వెనక తెల్ల గోడ, ఇంతే కనిపించేది. మూడేళ్లు నేను ఆ గోడనే చూశాను. ఆ ఆషాఢంలో ఒకరోజు వాడే అన్నాడు, "అమ్మా, నాయన్ను తీస్కొని ఒక్కసారి వచ్చి చూసిపోరాదే" అని.

మావారికి చెబితే, "ఆ పైసలతోని తులం బంగారం వస్తది. పిల్ల పెండ్లికి పనికొస్తది" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ తరువాత ఇంకో మాట అన్నారు. "ఇరవై ఆరేండ్ల సంది బాయికి పోతున్న. నేను పని చేసే జాగ నువ్వెన్నడన్న చూసినవా? కొడుకుది చూసేదేముంటది?"

నాకు జవాబు రాలేదు. మా మందమర్రిలో అందరి ఇళ్లూ అంతే కదా! టిఫిన్ కట్టిస్తాం, షిఫ్ట్ అయిపోయేదాకా ఎదురు చూస్తాం. బాయి లోపల ఏముందో మనకు తెలియదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఒకటి తోచింది. మావారి చోటు ఎట్లాగూ చూడలేకపోయాను, కొడుకుదన్నా చూడాలి. తెల్లారి ఆయనకు అదే మాట చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత పాస్‌పోర్టుకు ఫోటోలు దిగుదాం పద అన్నారు.

ఎప్పుడు వెళ్లాలి?

అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఎండాకాలం సెలవులు కదా అని మే, జూన్ నెలల్లో పొరపాటున కూడా వెళ్లకండి. అప్పుడు మస్కట్‌లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రామగుండం ఎండలు మనకు కొత్త కాదు గానీ, దానికి సముద్రపు ఉక్క తోడైతే ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే అక్కడి ప్రభుత్వం జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని రూలు పెట్టింది. ఈ సంగతి మీ అబ్బాయిని అడిగి తెలుసుకోండి, వాళ్ల దగ్గర పాటిస్తున్నారో లేదో!

అక్టోబర్‌లో పగలు ఎండ 35 దాకా ఉంటుంది. నవంబర్‌కి 30 దగ్గరికి దిగి, సాయంత్రాలు హాయిగా ఉంటాయి. మనకు దసరా, దీపావళి అయిపోయే సమయం కూడా అదే. సింగరేణి ఇళ్లలో ఇంకో సంగతి మీకు తెలుసు. లాభాల వాటా దసరా ముందు, బోనస్ దీపావళి ముందు చేతికి వస్తాయి. వచ్చిన డబ్బు ఎటు పోయిందో తెలియకముందే దేనికెంతో రాసిపెట్టుకోవాలి.

చిన్న విచిత్రం చెప్పనా? మన రైతులు వానాకాలం పంటను ఖరీఫ్ అంటారు కదా, అది అరబ్బీ మాట. అసలు అర్థం శరదృతువు. ఒమన్‌కు దక్షిణాన సలాలా అనే ఊరుంది. అక్కడ జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా సన్నటి జల్లులు పడి కొండలన్నీ పచ్చబడతాయి. ఆ కాలాన్నీ ఖరీఫ్ అనే పిలుస్తారు.

మేం నవంబర్ మూడో వారం ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ నెలలో వాళ్ల జాతీయ దినోత్సవానికి సెలవులిస్తారు. ఒమన్‌లో వారపు సెలవు శుక్ర, శనివారాలు. రెండూ కలిసొచ్చి మావాడికి వరుసగా నాలుగు రోజులు దొరికాయి. మీరు కూడా టిక్కెట్టు కంటే ముందు అబ్బాయి సెలవు అడగండి. వాడు డ్యూటీకి పోతే మనం గదిలో కూర్చుని చేసేదేముంది?

పాస్‌పోర్టు, వీసా

కనీసం నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. మేం ఆషాఢంలో దరఖాస్తు చేసి, కరీంనగర్ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లాం. మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1500 రూపాయలు. మీరు పది పాసై ఉంటే ఆ సర్టిఫికెట్ తప్పకుండా జత చేయండి. చేయకపోతే పాస్‌పోర్టుపై 'ఈసీఆర్' అని ముద్ర పడుతుంది. పెళ్లయి ఇరవై ఏళ్లయిందని సర్టిఫికెట్లు అటక మీద పడేసుకున్నాం కదా, ఇప్పుడు దింపండి! నా ఇంటర్ మెమో ఇన్నాళ్లకు ఒక పనికి వచ్చింది.

ఇంటిపేరు, పేరు ఆధార్‌లో ఎలా ఉన్నాయో చూసుకోండి. మన దగ్గర ఇంటిపేరుకు ఒక్క అక్షరం రాసి వదిలేస్తారు. పాస్‌పోర్టులో పూర్తిగా రాయించుకుంటే మంచిది. టిక్కెట్టుపై పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు మించి ఉండాలి.

వీసాలు ఇచ్చేది రాయల్ ఒమన్ పోలీస్. వాళ్ల వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. ఒక ఏజెంటు మమ్మల్ని అసలు ఫీజుకు మూడింతలు అడిగాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి ఒక సాయంత్రం కూర్చుని తనే నింపేసింది. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టిక్కెట్లు కొనేముందు ఆ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక్కడ ఒక గట్టి మాట. విజిట్ వీసా చూసి రావడానికే, పనికి కాదు. "ముందు విజిట్ మీద పో అక్కా, ఇంట్ల పని ఇప్పిస్త, వీసా తర్వాత మారుద్దాం" అనే వాళ్ల మాట వినకండి. అట్లా వెళ్లి యజమాని దగ్గర పాస్‌పోర్టు ఇరుక్కుని ఏడ్చిన ఆడవాళ్ల కథలు మన జిల్లాల్లో కొత్త కాదు.

ఎంతవుతుంది?

మాకైన లెక్క ఇది. ఇద్దరికీ రానుపోను విమానం 45 వేలు. వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ ఎనిమిది రోజులకు 27 వేలు. వీసాలు, తిండి, బస్సులు, టాక్సీలు, చిన్న చిన్న కొనుగోళ్లు కలిపి ఇంకో 38 వేలు. మొత్తం లక్షా పదివేలు. హోటల్ గది కాకుండా వంటగది ఉన్నది తీసుకోండి, సగం ఖర్చు తగ్గుతుంది.

అక్కడి డబ్బు రియాల్. ఒక రియాల్‌కు వెయ్యి బైసలు. మేం వెళ్లినప్పుడు రియాల్ అంటే మన 220 రూపాయలు. మొదటి రోజు ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూసి గుండె పట్టుకున్నాను. మావాడు నవ్వి, "అమ్మా, రోజుకింత అని పెట్టుకో, అంతకు మించకు. ఊకె లెక్క పెట్టకు" అన్నాడు. మీకూ అదే చెబుతున్నాను.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ఒకప్పుడు ఒమన్‌లో మన రూపాయే చెల్లేది! 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం వేరే నోట్లు కూడా అచ్చు వేసింది. 1970 దాకా ఒమన్‌లో అవి నడిచాయి. ఒకప్పుడు మన రూపాయి కోసం చూసిన చోటికి, ఈనాడు మన పిల్లలు రియాల్ కోసం పోతున్నారు.

సామాను సర్దేముందు... గసాలు జాగ్రత్త!

ఇదిగో, ఇక్కడే నేను పెద్ద తప్పు చేయబోయాను. కొడుకు దగ్గరికి పోతున్నానన్న సంబరంలో కిలో మసాలా దంచాను. ధనియాలు, లవంగాలు, ఎండుకొబ్బరి, గసగసాలు అన్నీ వేసి ఘుమఘుమలాడేలా చేశాను. బయల్దేరే ముందురోజు రాత్రి మావాడు ఫోన్ చేసి, "ఏమేం తెస్తున్నవ్?" అంటే వరుసగా చెప్పాను. వాడి గొంతు మారిపోయింది. "అమ్మా, మసాలల గసాలు ఏసినవా?"

గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల గసగసాలు మత్తుపదార్థాల లెక్కలోకి వస్తాయి. నల్లమందు చెట్టు గింజలు కదా అవి! పట్టుబడితే జైలు. "తెలియక తెచ్చాను" అంటే వినరు. కిలో మసాలా పక్కింటి వదినెకు ఇచ్చేసి, రాత్రి పదకొండింటికి మళ్లీ రోకలి పట్టాను.

గసాలు లేని మసాలా ఇలా చేసుకోండి: ధనియాలు 100 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 50 గ్రాములు, నువ్వులు రెండు చెంచాలు, దాల్చిన చెక్క నాలుగు ముక్కలు, లవంగాలు పదిహేను, యాలకులు పది, షాజీరా ఒక చెంచా. కొబ్బరి, నువ్వులు విడిగా దోరగా వేయించి, మిగిలినవి తక్కువ మంటపై వేయించండి. అన్నీ చల్లారాక దంచాలి. కూర చిక్కదనం కోసం వండేటప్పుడు నాలుగు జీడిపప్పులు నూరి వేస్తే గసాలు లేని లోటు తెలియదు.

మిగిలిన జాగ్రత్తలు:

* ఎవరు ఏ పొట్లం ఇచ్చినా తీసుకోవద్దు. మా వాడకట్టులో ఒకావిడ భర్త కోసం మూట తెచ్చింది. విప్పి చూస్తానంటే ముఖం చిన్నబుచ్చుకుంది. ఇద్దరం కూర్చుని ప్రతిదీ తీసి చూశాం. అన్నీ సకినాలు, కారం పొడి మాత్రమే ఉన్నాకే సంచిలో పెట్టాను. ఆమెకు కోపం వచ్చినా ఫరవాలేదు, మనం జైలుకు పోవద్దు కదా.
* బీపీ, షుగర్ మాత్రలు పట్టీలతోనే, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు అక్కడ గట్టి నియంత్రణ కిందికి వస్తాయి. మోకాళ్ల నొప్పులకని తెలియక పెట్టుకునేరు సుమా!
* పచ్చళ్లు చేతి సంచిలో కాదు, లగేజీలో వేయాలి. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టండి.
* మరీ ఎక్కువ మోయకండి. మస్కట్‌లో రువి అనే పేటలో మనవాళ్ల దుకాణాలు బోలెడు. కరివేపాకు, మునక్కాయ కూడా దొరుకుతాయి.
* నూలు చీరలు, పొడుగు చేతుల జాకెట్లు, తలకు కప్పుకోవడానికి ఒక చున్నీ చాలు. బయట ఎండ, లోపల ఏసీ చలి కాబట్టి ఒక శాలువా ఉంచుకోండి.
* నగలు లాకర్లో పెట్టి పుస్తెలతాడుతో వెళ్లండి. అక్కడ బంగారం కొనుక్కొద్దామనుకునేవారికి ఒక మాట. పన్ను లేకుండా నగలు తెచ్చుకునే రాయితీ ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవారికే. వారం రోజుల యాత్రకు పోయినవాళ్లకు వర్తించదు.

ఇక ఇల్లు. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి, ఫ్రిజ్ ఖాళీ చేసి, పాలవాడికి చెప్పి, తులసికి నీళ్లు పోయమని పక్కింట్లో చెప్పాం. అమ్మాయిని, అత్తమ్మను మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచాం. అత్తమ్మ, "నా మనుమనికి నా పేరు మీద ఒక ముద్ద ఎక్కువ పెట్టు" అని చెప్పి పంపింది.

ఏమేం చూశాం?

మందమర్రిలో భాగ్యనగర్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి శంషాబాద్. విమానంలో మూడు గంటల పైచిలుకే. మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు చేరడానికి పట్టినదాంట్లో సగం లేదు! మన గడియారం కంటే అక్కడి సమయం గంటన్నర వెనుక.

మాకు గోదావరే సముద్రం. అసలు సముద్రాన్ని మేమిద్దరం మొదటిసారి చూసింది మస్కట్‌లోని మత్రా తీరంలో. ఒక పక్క నల్లటి రాతికొండలు, ఒక పక్క నీలం నీళ్లు. పాత మస్కట్ రేవుకు అటూ ఇటూ జలాలీ, మీరానీ అని రెండు కోటలున్నాయి. పోర్చుగీసువాళ్లు 1507లో ఈ ఊరిని పట్టుకుని, తరువాత కట్టించినవి. 1650లో ఒమన్ వాళ్లు వారిని వెళ్లగొట్టారు. ఆ దగ్గర్లోనే వందేళ్లు దాటిన శివాలయం ఉంది. వ్యాపారానికి వెళ్లిన మన గుజరాతీ, సింధీ కుటుంబాలు ఆ ఊరిలో తరాలుగా ఉన్నాయి. పరాయి దేశంలో గుడిగంట వినగానే నాకు సగం బెంగ తీరింది.

మత్రా బజారులో లోబాన్ వాసన గుప్పుమంటుంది. మనం సాంబ్రాణితో పాటు ధూపం వేస్తాం చూడండి, ఆ బంక. అది ఒమన్ దక్షిణ ప్రాంతపు చెట్ల నుంచి వస్తుంది. వేల ఏళ్లుగా ఓడల్లో, ఒంటెల మీద దేశదేశాలకు పోయిన సరుకు. రెండు రియాళ్లకు కొద్దిగా కొన్నాను, ఇంకా వాడుతున్నాను.

2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదును తప్పక చూడండి. ముస్లింలు కానివారిని శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 వరకు రానిస్తారు. ఆడవాళ్లు తల, చేతులు కప్పుకోవాలి. లోపలి తివాచీ ఇరాన్‌లో ఆరువందల మంది స్త్రీలు నాలుగేళ్లపాటు నేసిందట. అంత పెద్ద మసీదు కట్టిన ఇసుకరాయి మన దేశం నుంచే పోయిందని తెలిసి మావారు గోడను తడిమి చూశారు.

ఒకరోజు బస్సులో నిజ్వా వెళ్లాం. 160 కిలోమీటర్లు. పదిహేడో శతాబ్దంలో, పోర్చుగీసువాళ్లను తరిమిన సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన గుండ్రటి కోట అక్కడ ఉంది. అందులో ఖర్జూరం నిలవ చేసే గదులు చూసి ముచ్చటేసింది. బస్తాలు ఒకదానిపై ఒకటి పేరిస్తే, బరువుకు కారిన పాకం కాలువల్లో పోయి కుండలో చేరుతుంది. తిండికి అదే, యుద్ధమొస్తే మరిగించి శత్రువు మీద పోయడానికీ అదే! వంటింటి సరుకుతో కోట కాపాడుకున్నారన్నమాట. వాళ్లిచ్చిన యాలకుల కాఫీ, ఖర్జూరం రుచి ఇంకా నోట్లోనే ఉంది.

శుక్రవారం భోజనం

ఇవన్నీ చూశాం గానీ, నేను చూడబోయింది వేరే కదా! మావాడు తన గదికి తీసుకుపోనన్నాడు. "ఆడోళ్లను రానియ్యరమ్మా" అన్నాడు. బతిమాలితే మావారిని ఒక్కరినే తీసుకుపోయాడు. తిరిగొచ్చాక ఆయన్ను అడిగాను. "ఆరుగురు ఉంటరు. పై మంచం మనోనిది. శుభ్రంగనే ఉన్నది" అని, కాసేపాగి, "కిటికి లేదు" అన్నారు. నేను మూడేళ్లు చూసిన తెల్ల గోడ అదే.

అందుకని శుక్రవారం వాళ్లందరినీ మా ఫ్లాట్‌కు పిలిచాం. జగిత్యాల అబ్బాయి, నిజామాబాద్ ఇద్దరు, సిరిసిల్ల ఒకరు... మొత్తం ఎనిమిది మంది వచ్చారు. పొద్దున ఐదింటికి లేచి మటన్ కూర, పచ్చిపులుసు, పప్పు, జొన్నరొట్టె చేశాను. పిల్లలు మాట్లాడకుండా తిన్నారు. జగిత్యాల పిల్లవాడు నాలుగేళ్లుగా ఇంటికి పోలేదట. మూడోసారి పచ్చిపులుసు పోయించుకుని, "పెద్దమ్మా, నువ్వు నాకు వడ్డిస్తున్నట్టు ఒక ఫోటో దిగుదామా? మా అమ్మకు పంపిస్త" అన్నాడు. దిగాను. ఆమె ఫోన్ చేసి నాతో మాట్లాడలేక ఊరికే ఏడ్చింది. అత్తమ్మ చెప్పినట్టు మావాడికి ఒక ముద్ద ఎక్కువ పెట్టాను.

తిరిగి వచ్చేముందు మావాడు తను వైరింగ్ చేసిన ఒక భవనం చూపించాడు. పెద్ద ప్యానెల్ బోర్డు ముందు నిలబడి ఏ వైరు ఎటు పోతుందో వాళ్ల నాయనకు చెబుతుంటే, ఈయన చిన్నపిల్లవాడిలా విన్నారు. ఇంటికొచ్చిన నాలుగో రోజు, అన్నం తింటూ మావారే మొదలుపెట్టారు... బాయిలో దిగినంక మొదలు ఏం చేస్తారో, కప్పు ఎట్లా తట్టి చూస్తారో, ఏ చప్పుడుకు భయపడతారో. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. నేను పళ్లెం తీయకుండా అట్లాగే కూర్చుని విన్నాను.

తులం బంగారం కొనలేదు. దానికి ఇంకో ఏడాది పడుతుంది, ఫరవాలేదు. కానీ ఇప్పుడు మావాడు ఫోన్ చేసినప్పుడు "తిన్నవా?" అని ఊరుకోను. "పై మంచం మార్పించుకున్నవా? కిటికి ఉన్న గది అడిగినవా?" అని అడుగుతాను. వాడూ దాచకుండా చెబుతాడు. మొన్ననే గది మారాడు. కిటికీలోంచి కొండ కనిపిస్తుందట, వీడియోలో చూపించాడు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అట్లా తెల్ల గోడ ముందు కూర్చుని "మంచిగనే ఉన్న" అంటూ ఉంటారు. ఈ బోనస్‌కు చీరలు, పట్టీలు కొంచెం తగ్గించుకుని, ఆ సర్టిఫికెట్లు అటక మీదనుంచి ఇప్పుడే దింపండి. దసరాకు ముహూర్తం పెట్టుకోండి, నవంబర్‌లో బయల్దేరండి. గసాలు మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లండి!